హిమా ద్వారం వద్ద
కరువు, మహమ్మారి కాలాలలో మూగజీవాల ఆశ్రయం: ఒక చారిత్రక పరిశీలన

అరబీ గ్రంథాలను తెలుగులోకి తెచ్చే పనిలో ఉన్నవానికి కొన్ని పదాలు ఏళ్ల తరబడి లొంగవు. నా వరకు అటువంటి పదం 'హిమా'. నిఘంటువు చూస్తే అర్థం తేలికే. ఇతరుల పశువులు ప్రవేశించకుండా కాపలా పెట్టిన పచ్చికనేల. మొదటిసారి దానిని 'బీడు' అని వ్రాశాను. కాని బీడుకు కాపలా ఉండదు. 'గోశాల' అందామంటే అక్కడ మేసినవి ఒంటెలు, గుర్రాలు, మేకలు. చివరకు ఒకచోట 'బందెలదొడ్డి' అని వ్రాసి, మరునాడే కొట్టివేశాను.

కొట్టివేయడానికి కారణం భాష కాదు, జ్ఞాపకం. నా చిన్నతనంలో మా ఊళ్ళో బందెలదొడ్డి ఉండేది. ఒక ఎండాకాలం, ఊరంతా మేత కరువై ఉన్నప్పుడు, మా వీధిలోని ఒక వితంతువు గేదె పలుపు తెంపుకొని ఎవరి చేలోనో పడింది. దానిని తోలుకుపోయి దొడ్లో పెట్టారు. జరిమానా, దానికితోడు మేత ఖర్చు కట్టితేనే విడుపు. రోజు గడిచేకొద్దీ బాకీ పెరుగుతుంది. గేదె పాలమ్ముకొని బతికే మనిషికి, గేదె దొడ్లో ఉండగా డబ్బు ఎక్కడిది? 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ప్రకారం నిర్ణీత గడువులో యజమాని రాకపోతే పశువును వేలానికి పెట్టవచ్చు. ఆ గేదె సంగతి అలాగే ముగిసింది. చట్టంలో దొడ్డి కాపరి పశువుకు మేత, నీరు ఇవ్వాలని కూడా ఉంది. ఆ మేరకు అది దయగల చట్టమే. కాని ఆ ద్వారం వద్ద పేదవాని వంతు అన్నిటికంటె చివరిది.

తరువాత మద్రసాలో 'సహీహ్ బుఖారీ' చదివే రోజులలో, హజ్రత్ ఉమర్ (రజి) తన హిమా కాపరికి చేసిన ఆదేశం మా పాఠంలో వచ్చింది. అక్కడ ద్వారం వద్ద పేదవాని వంతు మొదటిది. ఆనాటి నుండి ఈ రెండు ద్వారాలు నా మనసులో పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. ఈ వ్యాసం వాటిని గురించినదే.

ప్రశ్నను ముందుగా స్పష్టం చేసుకుందాం. కరువో, అంటువ్యాధో వచ్చినప్పుడు ఆశ్రయమిచ్చే స్థలం పరిమితంగా ఉంటుంది. ఆశ్రయం కోరి వచ్చే ప్రాణులు మాత్రం రోజురోజుకు పెరుగుతాయి. అప్పుడు ఎవరిని లోనికి తీసుకోవాలి? ఎవరిని ఆపాలి? జబ్బుపడిన ప్రాణిని ఏమి చేయాలి? లోనికి తీసుకొన్న తరువాత దాని ప్రాణానికి జవాబుదారీ ఎవరు? ఇవి నేటి నగరపాలక సంస్థలకు మాత్రమే ఎదురైన ప్రశ్నలు కావు. ఇస్లామీయ చరిత్ర మొదటి శతాబ్దిలోనే ఇవి ఎదురయ్యాయి. వాటికి ఇచ్చిన జవాబులు గ్రంథస్థమై ఉన్నాయి.

జాహిలియ్యా కాలపు హిమా

ఇస్లాంకు పూర్వం హిమా అనేది బలవంతుని హక్కు. ఇమామ్ షాఫియీ దీనిని వివరిస్తూ ఆనాటి ఆచారాన్ని తెలిపారు. గోత్ర నాయకుడు పచ్చని నేల మీద విడిది చేసినప్పుడు ఒక ఎత్తయిన చోట కుక్కను అరిపించేవాడు. దాని అరుపు ఎంతదూరం వినిపిస్తే, నాలుగు దిక్కులా అంత నేల అతనిది. అక్కడ ఇతరుల పశువులు మేయరాదు. అతని పశువులు మాత్రం అక్కడా మేస్తాయి, ఇతరుల నేలలోనూ మేస్తాయి.

అరబ్బుల సంప్రదాయ కథనాలలో పేరుమోసిన బసూస్ యుద్ధం ఇటువంటి ద్వారం వద్దనే మొదలైంది. కులైబ్ అనే నాయకుని హిమాలోకి పరాయి ఒంటె ఒకటి ప్రవేశించింది. అతడు దాని పొదుగుపై బాణం వేశాడు. ఆ ఒంటె కారణంగా కులైబ్ హతుడయ్యాడు. రెండు సోదర గోత్రాలు నలభై ఏళ్లు పోరాడాయని చెబుతారు. సంఖ్యలో అతిశయోక్తి ఉండవచ్చుగాని, మేత నేల హక్కు ఎంతటి విషయమో అరబ్బుల జ్ఞాపకంలో ఆ కథ నిలిపింది.

దైవప్రవక్త (స) ఈ ఆచారాన్ని రద్దు చేశారు. హిమా అల్లాహ్‌కు, ఆయన ప్రవక్తకు తప్ప మరెవరికీ లేదని ప్రకటించారు. అనగా వ్యక్తి తన కోసం నేలను కంచె వేసుకొనే హక్కు పోయింది, ప్రజాప్రయోజనం కోసం ఏర్పాటు చేసే హిమా మాత్రమే మిగిలింది. మదీనా సమీపాన నఖీ అనే చోటును ప్రవక్త (స) హిమాగా ఏర్పరచారు. తరువాత హజ్రత్ ఉమర్ (రజి) షరఫ్, రబజా ప్రాంతాలను హిమాగా ప్రకటించారు. జకాత్ రూపంలో వచ్చిన ఒంటెలు, సైన్యానికి కావలసిన వాహన పశువులు అక్కడ మేసేవి.

బూడిద సంవత్సరం

హిజ్రీ 18వ సంవత్సరం (క్రీ.శ. 639) ఖలీఫా ఉమర్ పాలనలో అతి కఠినమైనది. వానలు లేక హిజాజ్ నేల ఎండి, గాలి వీస్తే బూడిదవలె ధూళి లేచేది. అందుచేత చరిత్రకారులు దానిని 'ఆముర్రమాదా', అనగా బూడిద సంవత్సరం అన్నారు. ఇమామ్ తబరీ ఒక మాట నమోదు చేశారు. అడవి మృగాలు సైతం మనుషుల దగ్గరకు ఆశ్రయం కోసం వచ్చేవట. మనిషి మేకను కోస్తే, దాని బక్కచిక్కిన మాంసం చూసి తినబుద్ధి కాక వదిలివేసేవాడట. మేత కరువు ఏ స్థితికి చేరిందో ఈ రెండు వాక్యాలు చాలు.

ఎడారి గోత్రాలు తమకు మిగిలిన కొద్దిపాటి పశువులతో మదీనా చుట్టూ చేరాయి. ఇబ్నె సఅద్ తన 'తబఖాత్'లో, ఖలీఫా ఒక రాత్రి తన భోజనశాలలో తిన్నవారిని లెక్కించమనగా ఏడు వేల మంది తేలారని, రాలేక గుడారాలలోనే ఉండిపోయిన కుటుంబాలు, రోగులు, పిల్లలు నలభై వేలని వ్రాశారు. సిరియా నుండి అబూ ఉబైదా (రజి) నాలుగు వేల ఒంటెలపై ఆహారం తెచ్చారని తబరీ కథనం. ప్రజల కడుపు నిండేవరకు తాను నెయ్యి, పాలు ముట్టనని ఖలీఫా నిశ్చయించుకొన్నారు.

పశువుల విషయంలో ఆయన చేసిన పని మరింత గమనించదగినది. ఆ సంవత్సరం జకాత్ వసూలు నిలిపివేశారు. దీని అర్థాన్ని కాపరి దృష్టితో చూడాలి. కరువులో ఒంటె బక్కచిక్కి ఉంటుంది. వసూలుదారు వచ్చి మందలో నుండి తీసుకుంటే కాపరికి మిగిలినది ఇంకా తగ్గుతుంది. వసూలైన పశువులను మేపడానికి హిమాలో గడ్డి కూడా లేదు. తీసుకొని చంపుకోవడం కంటె, తీసుకోకుండా ఉండడమే ఇరువురికీ మేలు. మరుసటి సంవత్సరం వానలు పడిన తరువాత వసూలుదారులను పంపి, రెండేళ్ల జకాత్ తీసుకోమన్నారు. అందులో ఒక ఏటి భాగాన్ని అక్కడి పేదలకే పంచి, ఒక ఏటి భాగాన్ని మాత్రమే మదీనాకు తెమ్మన్నారు. అబూ ఉబైద్ తన 'కితాబుల్ అమ్వాల్'లో దీనిని నమోదు చేశారు.

వాన పడ్డ తరువాతి సంగతినీ ఇబ్నె సఅద్ విడిచిపెట్టలేదు. మదీనా చుట్టూ చేరినవారిని తిరిగి తమ తమ ఎడారి నేలలకు చేర్చడానికి ఖలీఫా మనుషులను నియమించి, దారికి ఆహారం, వాహనం ఇచ్చి పంపారు. ఆశ్రయమిచ్చినవాడు లోనికి వచ్చే ద్వారం గురించి ఎంత ఆలోచించాలో, బయటికి పోయే ద్వారం గురించీ అంత ఆలోచించాలి. ఆపద తీరిన తరువాత కూడా ఖాళీ కాని ఆశ్రయం, మరుసటి ఆపదలో ఎవరికీ పనికిరాదు.

హునయ్యికి చేసిన ఆదేశం

హజ్రత్ ఉమర్ (రజి) తన వద్ద విడుదల పొందిన సేవకుడైన హునయ్యి అనే వానిని హిమా కాపరిగా నియమించారు. అప్పుడు చేసిన ఆదేశాన్ని ఆయన మరొక సేవకుడు అస్లమ్ ఉల్లేఖించాడు. ఇమామ్ మాలిక్ 'ముఅత్తా'లోను, ఇమామ్ బుఖారీ 'సహీహ్'లోను దానిని పొందుపరిచారు. ఆ ఉల్లేఖనానికి ఏ ఒక్క సంవత్సరమూ జోడించబడలేదు. అది ద్వారం వద్ద నిలబడినవానికి నిత్యనియమం.

దాని సారాంశం ఇది. ప్రజల పట్ల అణకువతో మెలగు. పీడితుని మొరకు భయపడు. కొద్దిపాటి ఒంటెలున్నవానిని, చిన్న మేకల మంద ఉన్నవానిని లోనికి రానియ్యి. ఇబ్నె ఔఫ్ మందను, ఇబ్నె అఫ్ఫాన్ మందను దూరంగా ఉంచు.

పాఠకులు ఈ రెండు పేర్లను గమనించాలి. ఒకరు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి), మరొకరు హజ్రత్ ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ (రజి). ఇద్దరూ స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలోని వారు, ఖలీఫాకు సన్నిహితులు. వారిపై ఆయనకు ఏ కోపమూ లేదు. కారణం ఆయనే వివరించారు. వారి పశువులు చనిపోతే వారికి ఖర్జూర తోటలున్నాయి, పొలాలున్నాయి. చిన్న మంద గలవాని పశువులు చనిపోతే, అతడు బిడ్డలను వెంటబెట్టుకొని తన ముందు నిలబడతాడు. అప్పుడు అతనిని తాను వదిలివేయగలడా? బైతుల్ మాల్ నుండి వెండి బంగారాలు ఇవ్వడం కంటె ఇప్పుడు నీరు, గడ్డి ఇవ్వడమే తేలిక.

ఇందులో దయ ఉంది, లెక్క కూడా ఉంది. ఆశ్రయానికి అర్హత మంద పరిమాణం వల్ల రాదు, యజమాని పలుకుబడి వల్ల రాదు, ముందుగా వచ్చి నిలబడినందువల్ల కూడా రాదు. మరో ద్వారం లేనివానికి ఈ ద్వారం మొదట తెరవాలి. ఒక మేకకు ఈ రోజు వేసే గడ్డి, రేపు ఒక కుటుంబాన్ని పోషించే ఖర్చును తప్పిస్తుంది. ఆనాటి పాలకుడు పశువు ప్రాణాన్ని, దానిపై ఆధారపడిన మనిషి ప్రాణాన్ని ఒకే లెక్కలో వేసి చూశాడు.

ఆదేశం చివరిభాగం మరింత నిజాయితీ గలది. ఈ నేల ఆ ప్రజలదేనని, దాని కోసం వారు జాహిలియ్యాలో పోరాడారని, దాని మీద ఉండగానే ఇస్లాం స్వీకరించారని, తాను తమకు అన్యాయం చేశానని వారు భావిస్తున్నారని ఖలీఫా ఒప్పుకొన్నారు. దైవమార్గంలో వాహనాలుగా ఇవ్వవలసిన పశువులే లేకపోతే, వారి నేలలో జానెడు కూడా కంచె వేసేవాడిని కానన్నారు. ఆశ్రయం ఏర్పాటు చేయడమంటే ఎవరో ఒకరి నేలను తీసుకోవడమే. అది తెలిసి చేయడం వేరు, తెలియనట్లు చేయడం వేరు.

జబ్బు ఒంటె, ఆరోగ్యం గల ఒంటె

అదే కాలంలో సిరియాలో ప్లేగు చెలరేగింది. అమవాస్ ప్లేగు అని చరిత్రలో ప్రసిద్ధం. అబూ ఉబైదా, ముఆజ్ బిన్ జబల్ (రజి) వంటి మహనీయులు అందులో మరణించారు. సంప్రదాయ గణన ప్రకారం మృతులు ఇరవై అయిదు వేలు. సిరియాకు బయలుదేరిన ఖలీఫా సర్గ్ అనే చోట ఈ వార్త విని ఆగిపోయారు. దైవనిర్ణయం నుండి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. ఒక దైవనిర్ణయం నుండి మరొక దైవనిర్ణయం వైపుకే పోతున్నామని ఖలీఫా బదులిచ్చి, ఒక ఉపమానం చెప్పారు. ఆ ఉపమానం కూడా పశువులదే. ఒక లోయకు ఒక వైపు పచ్చిక, మరొక వైపు ఎండిన నేల ఉంటే, ఒంటెలను ఎటు మేపినా అది దైవనిర్ణయమే కదా! అంటే, ఎటు తోలాలో తెలిసిన కాపరికి ఎంచుకొనే బాధ్యత తప్పదు. వ్యాధి ఉన్న ఊరికి పోరాదని, ఉన్న ఊరిలోనే వస్తే పారిపోరాదని ప్రవక్త (స) బోధించిన హదీసును అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అక్కడ వినిపించారు.

పశువుల విషయంలో దీనికి సోదరి వంటి హదీసు మరొకటి ఉంది. జబ్బుపడిన ఒంటెల యజమాని వాటిని ఆరోగ్యంగా ఉన్న ఒంటెల వద్దకు నీటికి తోలరాదని అబూ హురైరా (రజి) ఉల్లేఖించారు. బుఖారీ, ముస్లిం ఇద్దరూ దీనిని నమోదు చేశారు. ఎడారిలో బావి ఒక్కటే. అన్ని మందలూ అక్కడికే రావాలి. వ్యాధి వ్యాపించేది కూడా అక్కడే.

దీని ప్రక్కనే మరొక హదీసు ఉంది. అంటు అనేది లేదని ప్రవక్త (స) చెప్పినప్పుడు ఒక ఎడారివాసి అడిగాడు. ఇసుకలో లేళ్ల వలె ఉన్న నా ఒంటెలలోకి గజ్జి ఒంటె ఒకటి చేరితే అన్నిటికీ అంటుకొంటున్నదే? అప్పుడు ప్రవక్త (స), మరి మొదటి దానికి ఎవరు అంటించారు అని తిరిగి ప్రశ్నించారు. ఈ రెంటిని సమన్వయించడానికి పండితులు ఎంతో శ్రమించారు. వ్యాధులు తమ స్వభావం చేత, స్వతంత్రంగా అంటుకొనవని, కాని కలిసి ఉండడాన్ని అల్లాహ్ ఒక కారణంగా చేశాడని ఇబ్నుస్సలాహ్ అన్నారు. 'బజ్లుల్ మాఊన్' అనే పేర ప్లేగుపై గ్రంథం వ్రాసిన ఇబ్నె హజర్ అస్ఖలానీ మరొక విధంగా వివరించారు. ఆయన తన కుమార్తెలను ప్లేగులోనే పోగొట్టుకొన్నవారు. విశ్వాస విషయంలో వారి వివరణలు ఎలా భిన్నమైనా, ఆచరణ ఒక్కటే. జబ్బుదానిని వేరు చేయాలి.

ఒంటె గజ్జికి కారణం కంటికి కనబడని పురుగు అని, అది తాకిడి వల్ల ప్రాకుతుందని నేడు మనకు తెలుసు. ఆ బావి గట్టు మీది నియమం దానికి సరిగ్గా సరిపోతుంది. జాహిలియ్యా వైద్యంతో పోల్చితే దీని విలువ తెలుస్తుంది. మందలో జబ్బు వస్తే, జబ్బుపడిన ఒంటెలు బాగుపడాలని ఆరోగ్యంగా ఉన్న ఒంటెకు వాత పెట్టే మూఢాచారం ఆనాడు ఉండేది. ఒకరి రోగానికి మరొకరికి శిక్ష! మనుషుల వ్యవహారంలో ఈ ఆచారం ఇంకా పూర్తిగా పోయిందని చెప్పలేము.

బంధించినవాని బాధ్యత

ఒక స్త్రీ పిల్లి కారణంగా నరకశిక్షకు గురైన హదీసు మన పిల్లలకు కూడా తెలుసు. కాని అందులోని న్యాయసూత్రాన్ని మనం తరచు గమనించము. ఆమె పిల్లిని కట్టివేసింది. తాను తిండి పెట్టలేదు, నేల మీది పురుగు పుట్రను తినడానికి వదలనూ లేదు. పిల్లిని పెంచలేదన్నది ఆమె నేరం కాదు. ఆహారం వెదుక్కొనే స్వేచ్ఛను తీసివేసి, ఆహారం ఇవ్వకపోవడమే నేరం. అంటే, స్వేచ్ఛను తీసుకొన్న క్షణం నుండి పోషణ బాధ్యత మొదలవుతుంది. ఆశ్రయాలన్నిటికీ ఇది మూలసూత్రం.

ధర్మశాస్త్రవేత్తలు దీనిని విస్తరించారు. డమాస్కస్‌లో పుట్టి హి.శ. 660 (క్రీ.శ. 1262)లో కైరోలో మరణించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ తన 'ఖవాయిదుల్ అహ్‌కామ్'లో మనిషిపై పశువుకు గల హక్కులను వరుసగా చెప్పారు. ముసలిదై, రోగగ్రస్తమై, దాని వల్ల ఏ లాభమూ లేకపోయినా పోషించాలి. శక్తికి మించిన బరువు వేయరాదు. దానికి హాని చేసే ప్రాణితో, స్వజాతిదైనా పరజాతిదైనా, కలిపి ఉంచరాదు. అలా ఉంచితే ఎముకలు విరగవచ్చు, కుమ్ముకోవచ్చు, గాయపడవచ్చు. ఏడు వందల అరవై ఏళ్లకు పూర్వపు ఈ పంక్తులను చదివి, క్రిక్కిరిసిన నేటి ఆశ్రయాన్ని ఒకసారి తలచుకొంటే చాలు. స్థలానికి మించి ప్రాణులను లోనికి తీసుకోవడం దయ కాదని, హక్కుల అతిక్రమణేనని స్పష్టమవుతుంది.

ఈ భావన ఆచరణలో వక్ఫ్‌ల రూపం దాల్చింది. డమాస్కస్‌లో పనికి రాని ముసలి గుర్రాలు చనిపోయేవరకు మేయడానికి ఒక పచ్చిక మైదానం వక్ఫ్‌గా ఉండేదని డాక్టర్ ముస్తఫా సిబాయీ వ్రాశారు. ఉస్మానియా సామ్రాజ్యంలో వీధి కుక్కలకు, పిల్లులకు ఆహారం పెట్టే వక్ఫ్‌లు ఉండేవి. బుర్సా నగరంలో గాయపడిన కొంగలకు ఒక ఆశ్రయమే నడిచింది. వక్ఫ్‌కు ఆదాయం ఇంత, ఖర్చు ఇంత అన్న లెక్క ముందే ఉంటుంది. ఆ హద్దే దానిని కాపాడేది.

1910: ఇస్తాంబుల్

మన చరిత్ర అంతా ఇటువంటి పేజీలతోనే నిండి ఉందని చెబితే అది చరిత్ర కాదు, ప్రశంస. కాబట్టి మరొక పేజీ కూడా తిప్పాలి.

ఇస్తాంబుల్ వీధులలో కుక్కలు వేల సంఖ్యలో ఉండేవి. 19వ శతాబ్దిలో యూరప్ నమూనాలో నగరాన్ని దిద్దాలనుకొన్న పాలకులకు అవి అవమానంగా కనిపించాయి. రేబిస్ భయం కూడా నిజమైనదే. 1885లో పాశ్చర్ పిచ్చికుక్క కాటుకు చికిత్స కనుగొన్న వెంటనే, 1886లో సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ ప్యారిస్‌కు వైద్యుల బృందాన్ని పంపారు. 1887లో ఇస్తాంబుల్‌లోనే ఆ చికిత్సాకేంద్రం ఏర్పడింది. శాస్త్రజ్ఞానం విషయంలో ఆ నగరం వెనుకబడి లేదు.

అయినా 1910లో, యువతుర్కుల పాలనలో, నగర అధికారులు వీధి కుక్కలను పట్టి, బోనులలో పెట్టి, ఓడలకెక్కించి మర్మరా సముద్రంలోని సివ్రిఆదా అనే రాతి దీవికి చేర్చారు. వాటి సంఖ్య ముప్పై వేలని కొందరు, ఎనభై వేలని కొందరు వ్రాశారు. ఆ దీవిలో తిండి లేదు, మంచినీరు లేదు. ఆకలితో ఒకదానినొకటి పీక్కుతిన్నాయి. ఎన్నో సముద్రంలో దూకి మునిగిపోయాయి. గాలి నగరం వైపు వీచినప్పుడు వాటి ఏడుపు వినిపించేదని ఆనాటివారు వ్రాశారు. కొందరు పడవలలో పోయి రొట్టెలు విసిరివచ్చారు. ప్రజలు ఆ దీవిని 'హయిర్‌సిజ్ ఆదా' అన్నారు. మేలు లేని దీవి అని అర్థం. రెండేళ్లలో బాల్కన్ యుద్ధం వచ్చి రాజ్యం ముక్కలైనప్పుడు, ఆ మూగజీవాల ఉసురు తగిలిందని సామాన్యులు చెప్పుకొన్నారు.

చరిత్రకారుడు ఉసురును కారణంగా చూపలేడు. కాని ఒక విషయం చూపగలడు. ఆ దీవికి పంపడం చంపడం కాదని, తరలించడం మాత్రమేనని అధికారులు తమకు తాము చెప్పుకొన్నారు. పిల్లిని కట్టివేసిన స్త్రీ కూడా దానిని చంపలేదు!

ఇక్కడ న్యాయంగా రెండవ పక్షం కూడా చెప్పాలి. ప్రవక్త (స) ఒక సందర్భంలో మదీనాలో కుక్కలను చంపమని ఆదేశించి, తరువాత దానిని నిలిపివేశారని, వేట కుక్కకు, మంద కాపలా కుక్కకు అనుమతి ఇచ్చారని ముస్లిం 'సహీహ్'లో ఉంది. అవి కూడా ప్రాణికోటిలో ఒక సమాజమేనని తెలిపే హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. కరిచే కుక్కను ఇహ్రామ్ స్థితిలో కూడా చంపవచ్చునన్న అనుమతి కూడా ఉంది. కాబట్టి మనుషుల ప్రాణరక్షణ షరీఅత్‌లో చిన్న విషయం కాదు. ప్రమాదకరమైన ప్రాణిని వేరు చేయవచ్చు, అవసరమైతే బాధ లేకుండా తొలగించవచ్చు. ఆ రాతి దీవి ఈ అనుమతులలో దేని క్రిందికీ రాదు.

నేటి ద్వారాలు

రేబిస్ నేటికీ ఏటా దాదాపు 59 వేల మందిని బలి తీసుకొంటున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాటుకు గురయ్యే వారిలో పదిమందిలో నలుగురు పదిహేనేళ్లలోపు పిల్లలు. కనుక కుక్కల సమస్యను ఎత్తిన తల్లిదండ్రులను దయలేనివారని నిందించడం తగదు. వారి బిడ్డల ప్రాణం కూడా ఆ ద్వారం వద్దనే ఉన్నది.

2020లో కోవిడ్ వ్యాపించి ఊళ్లన్నీ మూతపడినప్పుడు సమస్య తలక్రిందుగా వచ్చింది. హోటళ్ల వెనుక, మాంసం కొట్ల ముందు మెతుకులతో బతికే జీవాలు ఒక్కరోజులో ఆకలి పాలయ్యాయి. వాటికి ఆహారం పెట్టడాన్ని ఆపరాదని ఆ మార్చిలో భారత జంతు సంక్షేమ మండలి రాష్ట్రాలకు సూచించింది. బూడిద సంవత్సరంలో మృగాలు మనుషుల దగ్గరకు వచ్చిన సంగతి నాకు ఆ దినాలలో తరచు గుర్తుకు వచ్చేది.

2024 జూలైలో తుర్కియే పార్లమెంటు వీధి కుక్కలను పట్టి ఆశ్రయాలలో ఉంచాలని చట్టం చేసింది. వీధి కుక్కలు దాదాపు 40 లక్షలని ప్రభుత్వం అంచనా వేసింది. అప్పటికి ఉన్న 322 ఆశ్రయాలలో పట్టేవి 1,05,000 మాత్రమే. కొత్తవి కట్టడానికి నగరపాలక సంస్థలకు 2028 చివరివరకు గడువు ఇచ్చారు. మన దేశంలో 2025 ఆగస్టు 11న సుప్రీం కోర్టు ఢిల్లీ ప్రాంతపు వీధి కుక్కలన్నిటినీ ఆశ్రయాలకు తరలించాలని ఆదేశించింది. ఆగస్టు 22న మరింత పెద్ద ధర్మాసనం దానిని సవరించింది. సంతాన నిరోధ శస్త్రచికిత్స, టీకా అయిన తరువాత వాటిని పట్టిన చోటనే విడవాలని, రేబిస్ సోకినవాటిని, దాడి చేసేవాటిని మాత్రం విడవరాదని చెప్పింది. ఈ తీర్పుల మంచిచెడులను న్యాయవేత్తలు చర్చించుకొంటారు. చరిత్ర చదివినవాడు అడగవలసిన ప్రశ్నలు వేరు. లోనికి తీసుకొనే ముందు గడ్డి, నీరు లెక్కించారా? జబ్బుదానిని వేరుగా ఉంచే చోటు ఉన్నదా? మరో దారి లేనిదానికి మొదటి చోటు ఇస్తున్నారా? బయటికి పోయే ద్వారం ఉన్నదా? ఈ నాలుగింటికీ జవాబు లేని ఆశ్రయం, పేరు ఏదైనా, మర్మరా సముద్రంలోని ఆ దీవే అవుతుంది.

ఖలీఫా ఉస్మాన్ (రజి) కాలంలో హిమా విస్తీర్ణం పెరిగింది. దానిపై విమర్శ వచ్చినప్పుడు ఆయన, జకాత్ ఒంటెలు పెరిగినందున హిమా పెంచానని సమాధానం చెప్పారు. విమర్శకుల ఉద్దేశాలు ఏవైనా, సమాధానం చెప్పవలసిన విషయంగా ఆయన దానిని స్వీకరించారు. హిమా గడ్డిపోచకు కూడా పాలకుడు లెక్క చెప్పిన కాలమది.

ఇదే హజ్రత్ ఉస్మాన్ (రజి) గురించి ఇమామ్ షాఫియీ ఉల్లేఖించిన ఒక సంఘటనతో ముగిస్తాను. నడివేసవి మధ్యాహ్నం, నేల నిప్పులు చెరుగుతున్న వేళ, ఆయన తన తోటలో నుండి చూస్తూ ఉండగా ఎవరో ఒకాయన రెండు ఒంటె పిల్లలను తోలుకొని పోతూ కనిపించాడు. ఈ ఎండలో ఈ మనిషికి ఏమి వచ్చింది, చల్లబడ్డాక పోరాదా అనుకొన్నారు. దగ్గరకు వచ్చాక చూస్తే ఆయన ఖలీఫా ఉమర్ (రజి). జకాత్ ఒంటెలు హిమాకు వెళ్లిపోయాయి, ఈ రెండూ వెనుకబడిపోయాయి, ఇవి తప్పిపోతే వీటిని గురించి అల్లాహ్ నన్ను అడుగుతాడని భయపడ్డానని ఆయన చెప్పారు. నీడకు రండి, నీళ్లు తాగండి, మేము ఎవరినైనా పంపుతామని ఉస్మాన్ (రజి) పిలిచారు. మీ నీడకు మీరు పొండని చెప్పి, ఖలీఫా ఆ రెండు పిల్లలను తోలుకొంటూ ముందుకు సాగిపోయారు.

'హిమా'కు తెలుగు మాట నాకు ఇంకా దొరకలేదు. నా అనువాదంలో దానిని 'హిమా' అనే ఉంచాను. మన చేతి క్రింద ఉన్న మూగజీవాల విషయంలో రేపు అడగబడే ప్రశ్నకు జవాబు చెప్పగల స్థితిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.